పురుళ్ళమ్మ ఇంటి గోళ్ళ చప్పుడు

నేను పక్కింటికి జీవకారుణ్యం కొద్దీ వెళ్ళలేదు. కంపు భరించలేక వెళ్ళాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తర్వాత్తర్వాత మా వీధిలో నన్ను మహా దయగల మనిషిగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాకు దయ లేదని కాదు. కానీ ముందు వచ్చింది కోపమే.

అరవైల్లో మాట. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో మా ఇల్లు. వీధివైపు గదే మా ఆయన దుకాణం. రేకుపెట్టెలు చేసేవారు, కానీ చెరకు ఆడే రోజుల్లో అసలు పని బెల్లం వండే పెనాలకి మాట్లు వేయడం. రైతులు తెల్లారేసరికి బెల్లం బండి మార్కెట్టుకి తోలుకొస్తూ, చిల్లుపడిన పెనాన్ని మా గుమ్మంలో దింపి, మధ్యాహ్నం ఖాళీ బండి మీద మళ్ళీ వేసుకుపోయేవారు. నేను పెళ్ళై ఆ ఇంటికి వచ్చినప్పట్నించీ మా ఇంట్లో సుత్తి చప్పుడూ, మా అత్తగారి తస్బీ పూసల చప్పుడూ, గోడ అవతల్నించి మరో చప్పుడూ వినపడేవి. ఆ మూడోది గచ్చు మీద టిక్కు టిక్కుమని పగలంతా తిరిగేది. అవి కుక్కల గోళ్ళు.

పక్కిల్లు పురుళ్ళమ్మది. ప్రసూతి ఆస్పత్రిలో మిడ్‌వైఫ్‌గా చేసి రిటైరయింది. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. అసలు పేరు ఏమిటో ఎవరికీ పట్టలేదు, ఊరంతా పురుళ్ళమ్మే. మా వీధిలో ఆవిడ చేతుల మీద పుట్టని పిల్ల ఉందంటే అది వేరే ఊళ్ళో పుట్టి వచ్చిందన్నమాట. మా పెద్దవాణ్ణి కూడా ఆవిడే తీసింది. నేను నొప్పులు పడుతుంటే మా అత్తగారు గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. "నువ్వలగ ఏడిత్తే లోపలున్నోడు బయపడి బయటికి రాడు, నోరు ముయ్యి," అని కసిరింది పురుళ్ళమ్మ. మా అత్తగారి నోరు మూయించిన మనిషిని అంతకుముందూ ఆ తర్వాతా నేను చూడలేదు.

ఆ బొచ్చుకుక్కలు ఆవిడకి వచ్చిందీ పురుటి మూలంగానే. రైల్వేలో గార్డు పని చేసే ఆంగ్లో ఇండియన్ ఒకాయన, భార్యకి పురుడు పోసిందన్న అభిమానంతో, కాపురం ఎత్తేసి ఇంగ్లండు సీమకి వెళ్ళిపోతూ ఒక జతని ఆవిడ ఒళ్ళో పెట్టి పోయాడట. మూరెడు పొడుగు, తెల్లటి బొచ్చు, నక్కలాంటి మూతి. అవి ఈనాయి. ఈనిన ప్రతి పిల్లా ఆవిడ చేతుల మీదే పుట్టింది. ఒక్కదాన్నీ ఎవరికీ ఇవ్వలేదు. పిల్లలకి పిల్లలు పుట్టాయి. రిటైరయ్యాక ఆవిడ తలుపు తెరవడం తగ్గించింది, తర్వాత కిటికీలు కూడా గోనెలతో మూసేసింది. లోపల ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలీదు. కంపు మాత్రం అందరికీ తెలుసు. కానీ నిన్ను ఈ లోకంలోకి లాగి పడేసిన మనిషిని పట్టుకుని ఏమని తిడతావు? వీధంతా ముక్కు మూసుకుని ఊరుకుంది.

ఊరుకోనిది మా అత్తగారు. ఒకరోజు ఆవిడ నమాజుకి చాప పరిచే చోట గోడ కింద నేల చెమ్మగిల్లింది. మూడు రోజులు చూసింది. ఆ తడి ఎక్కణ్ణించి వస్తోందో అర్థమయ్యాక ఇల్లు కదిలిపోయేలా అరిచింది. "ఇల్లంతా మైలపడి నాపాక్ అయిపోయింది! ఇంక నేను అల్లా ముందు ఎక్కడ తల వంచాలి, నీ నెత్తి మీదా?" ఆ అరుపు గోడ అవతలి మనిషికి చేరాలి గానీ చేరింది నాకు. సరే, నేనే వెళ్తానని దొడ్డిగుమ్మం తోసుకుని పక్కింటి దొడ్లోకి వెళ్ళాను. అనాల్సిన మాటలన్నీ దారిలోనే పేర్చుకున్నాను.

ఒక్కటీ అనలేదు. వెనక తలుపు తోసేసరికి లోపలి చీకట్లోంచి కుక్కలు నా కాళ్ళ మీదికి వరదలా వచ్చాయి. అరుపులంటే అరుపులు కావు. గొంతులకి మాత్రం ఏ లోటూ లేదు. మిగతావన్నీ లోట్లే. బొచ్చు పాత పరుపులో దూదిలా ముద్దలు కట్టింది. కొన్నిటికి వీపు మీద వెంట్రుకే లేదు, చర్మమంతా గజ్జి. గోళ్ళు పెరిగి వంకర తిరిగి, ఒకదానికి అరికాల్లోకే దిగబడ్డాయి. అది మూడు కాళ్ళ మీద నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు వాసన చూసింది. వీధి తలుపు లోపలివైపు, కింద మూరెడు ఎత్తు మేర, చెక్కంతా గీకి గీకి గాడులు పడి ఉంది.

ఆవిడ నులక మంచం మీద కూర్చుని బెల్లం కలిపిన అన్నం ముద్దలు చేస్తోంది. అమ్మా అని పిలిస్తే నన్ను గొంతుతోనే పోల్చుకుంది. "రా పిల్లా, కూకో. ఎంత తెల్లగున్నాయో సూడు నా గుంటలు," అంది, కన్నపిల్లల గురించి చెప్పినట్టు. ఆవిడ పక్కన ఉన్న కుక్క తెల్లగా లేదు. మట్టి రంగులో ఉంది, చెవి నిండా పుండు.

"అమ్మా, నీకు కళ్ళు కనపడటం లేదు కదా?" అన్నాను.

ఆవిడ ముద్ద చేయడం ఆపింది. "అలికినట్టు కనపడతాది," అంది. "కళ్ళదేటుంది, సేతులకి తెలీదేటి? తెలిసినాది. పుళ్ళున్నాయని తెలిసినాది, గోళ్ళు పెరిగినాయని తెలిసినాది. తెలిసి ఏటి సేసీది? నూతిలో నీళ్ళు తోడలేను. ఎవులికి సెప్పుకునీది? సెప్పితే అట్టుకుపోతారు."

నాకు అక్కడికక్కడే ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు మళ్ళీ కోపం వస్తుంది. గోనెలు పట్టుకుని పీకేశాను. వెలుతురు పడగానే కుక్కలన్నీ ఒక్కసారి నోళ్ళు మూసుకుని కిటికీ వంక చూశాయి.

ఆ వారంలోనే శానిటరీ మేస్త్రీ మా దుకాణం ముందు సైకిలు దిగాడు. మా ఆయనతో గొంతు తగ్గించి చెప్పాడు. "బావా, ఎనకాల గోడౌను సావుకారు అర్జీ ఎట్టేడు. ఎండలు ముదరకముందే కుక్కల బండి వత్తాది. మున్సిపాలిటీ బిల్ల లేని కుక్క ఇంట్లో ఉన్నా ఒగ్గరు. మా గుంటలిద్దరూ ఆయమ్మ సేతుల మీదే పుట్టేరు, అందుకని సెప్తన్నాను. బేగి ఆటిని ఎక్కడికైనా పంపించేయండి. నాను సెప్పేనని మాత్రం అనకు." కుక్కల బండి అంటే ఏమిటో అప్పట్లో అందరికీ తెలుసు. ఇనప ఉచ్చు, దుడ్డుకర్ర, బండి మీద గోనెపట్టా.

ఇంక నేను ఆగలేదు. ఎవరూ వచ్చి తీసుకెళ్ళని పాత పెనం ఒకటి మా దొడ్లో పడి ఉండేది. వెడల్పుగా, లోతు తక్కువగా, కుక్కలకి స్నానం చేయించడానికే చేసినట్టుంది. మా ఆయన దానికి మాటు వేసి ఇచ్చారు. ముద్దలు కట్టిన బొచ్చుకి మామూలు కత్తెర వంగిపోతే రేకు కోసే కత్తెర ఇచ్చారు. గోళ్ళు కోయడానికి ఆయన కటింగు ప్లేరు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయన ఆ ప్లేరు పట్టుకున్నప్పుడల్లా నా వంక చూసి నవ్వేవారు. గజ్జికి కానుగ నూనెలో గంధకం కలిపి పట్టించాను.

మా అత్తగారు గోడ అవతలే నిలబడి షరతులు పెట్టింది. కుక్క నోరు తగిలిన గిన్నె ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో. ఆ చీర ఇంట్లోకి రాకూడదు. అందుకని నాకు ఒక కుక్కల చీర ఏర్పడింది, గోడ బయట మేకుకి వేలాడేది. నూతి దగ్గర స్నానం చేసి, వేరే చీర కట్టుకుంటే గానీ నాకు నా ఇంట్లోకి ప్రవేశం లేదు. పురుళ్ళమ్మ మాత్రం పెనం పక్కన పీట వేసుకుని, నేను తోమిన ప్రతి కుక్కనీ ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో తడిమేది. కాలి వేళ్ళ సందులు కూడా వదిలేది కాదు. "ఇక్కడ నూనె తగల్లేదు," అని తిరిగి నా చేతికిచ్చేది. పని తప్పించుకునే నర్సుని పట్టుకున్నట్టు పట్టుకునేది నన్ను.

కడగడం కుదిరింది గానీ పంపడం కుదరలేదు. మేస్త్రీ చెప్పిన మాట చెప్పాను, బతిమాలాను, ఆఖరికి అరిచాను. ఆవిడ ఒకటే మాట. "నా సేతుల మీద పుట్టినాయి. ఎవులికీ ఇవ్వను."

"బండి వస్తే చంపేస్తారమ్మా!"

"నన్నూ ఏసుకుపోమను."

అప్పుడు గోడ మీదుగా మా అత్తగారి తల కనపడింది. అంతవరకూ కుక్క అన్న మాట నోటితో అనడానికే ఇష్టపడని మనిషి. "ఇదిగో పురుళ్ళమ్మా," అంది. "ఈ ఊళ్ళో ఎంతమంది ఆడపిల్లల్ని తీసేవు నువ్వు? తల్లి చేతిలో పెట్టేవా, నీ ఇంటికి తెచ్చుకున్నావా? ఆ తల్లయినా అట్టే పెట్టుకుందా? ఈడొచ్చేక అత్తారింటికి పంపింది. నీ ఇంట్లో చూస్తే పిల్లలన్నీ ముసలి కన్యలైపోతున్నాయి. ఇదేనా పెంపకం?"

పురుళ్ళమ్మ ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. నోరు మూయించిన బాకీ ఇన్నాళ్ళకి మా అత్తగారు తీర్చుకుంది. మర్నాడు పొద్దున్న పురుళ్ళమ్మ గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచింది. "పంపితే పద్దతిగా పంపుతాను. సంబందాలు సూడండి," అంది.

మా ఆయన దుకాణానికి వచ్చే రైతుల్ని అడగడం మొదలుపెట్టారు. చెరకు ఎదిగిందంటే నక్కలు దిగుతాయి. తిన్నది తిని, తిననిది నమిలి పారేసి పోతాయి. చేను కాడ మొరిగే ప్రాణి ఒకటుంటే రైతుకి ఎంతో ఆసరా. కానీ వాళ్ళు గొర్రెపిల్లంత ఉన్న ఈ బొచ్చుకుక్కల్ని చూసి పడీపడీ నవ్వారు. "సాయిబు మావా, ఇది నక్కని తరమడం కాదు, నక్కే దీన్ని ఎత్తుకుపోద్ది!" అన్నాడొకడు.

"కరవక్కర్లేదు బావా, అరిస్తే చాలు. ఇవి అరిస్తే మా వీధంతా లేస్తంది," అన్నారు మా ఆయన. అందులో అబద్ధం లేదు.

అలా మొదలయ్యాయి పెళ్ళిచూపులు. మార్కెట్టులో పని ముగించుకుని రైతులు వచ్చి పురుళ్ళమ్మ అరుగు మీద వరసగా కూర్చునేవారు. నేను తలుపు చాటున నిలబడి చూసేదాన్ని. ఆవిడకి ముఖాలు కనపడవు, అందుకని ఒక్కొక్కరి చెయ్యీ చేతిలోకి తీసుకుని తడిమేది. ఏ ఊరు, ఇంట్లో ఆడోళ్ళు ఎంతమంది, అన్నం ముందు ఎవరికి పెడతారు, అన్నీ అడిగేది. ఒకతని చెయ్యి పట్టుకుని వెంటనే వదిలేసింది. "నీకు ఇవ్వను. ముల్లుకర్ర గట్టిగా అట్టుకునే సెయ్యి. ఎడ్లని పొడుత్తావు," అంది. అతను ముఖం మాడ్చుకుని లేచిపోతే మిగతావాళ్ళు వారం రోజులు ఏడిపించారట. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మా ఇంటి ముందు ముల్లుకర్రలు దాచి మరీ వెళ్ళేవారు.

పంపే రోజున ఆవిడ ప్రతి ఆడకుక్క మెడకీ పసుపు గుడ్డ కట్టింది. చిన్న మూటలో బెల్లం అచ్చు, గుప్పెడు అటుకులు సారె పెట్టింది. మగవాటి మాటేమిటని మా ఆయన అడిగారు. "ఆటిని ఇల్లరికం పంపుతన్నాను," అందావిడ, నవ్వకుండా. రైతులు నవ్వాపుకుంటూనే రెండు చేతులా సారె అందుకున్నారు. "మా కోడల్ని జాగర్తగా సూసుకుంటాం అమ్మా," అన్నారు. నక్కపల్లి వైపు కొన్ని, ఏటికొప్పాక దారిలో కొన్ని, ఖాళీ బెల్లం బండ్ల మీద వెళ్ళిపోయాయి. బండి కదిలినప్పుడల్లా పురుళ్ళమ్మ ఒక చెయ్యి గాలిలో పెట్టి అలాగే నిలబడేది. చప్పుడు వినపడనంత దూరం పోయాక దించేది.

ఆఖరికి మిగిలింది మొట్టమొదటి తల్లికుక్క ఒక్కటే, పళ్ళూడిన ముసలిది. దానికి మేస్త్రీయే ఇత్తడి బిళ్ళ తెచ్చి కట్టాడు. కుక్కల బండి వచ్చి, తొంగి చూసి, పోయింది. ఇల్లంతా కడిగి సున్నం వేయించాం. మా అత్తగారు తన చాప పాత చోటే పరుచుకుంది. గోడ అవతల మాత్రం ఏ చప్పుడూ లేదు. నేనెంతగానో కోరుకున్న ఆ నిశ్శబ్దం నాకు అస్సలు నచ్చలేదు. ఆవిడ అన్నం సరిగ్గా తినడం మానేసింది. "ఏటి తిన్నాయో," అనేది, తన కంచం ముందు కూర్చుని.

ఆషాఢం వచ్చింది. బెల్లం సీజను అయిపోయి మార్కెట్టు ఖాళీగా ఉంది. ఒక మధ్యాహ్నం మా వీధిలోకి రెండు బండ్లు వచ్చాయి, మీద పెనాలు లేవు. ఆడవాళ్ళున్నారు, వాళ్ళ ఒళ్ళో బొచ్చుకుక్కలున్నాయి. ఒకావిడ దిగి పురుళ్ళమ్మ గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పింది. "అమ్మా, మీ గుంటల్ని తీసుకొచ్చేం. ఆసాడం కదా. సారెతో పంపిన కోడల్ని పుట్టింటికి పంపకపోతే ఊరు నవ్వదేటి? నెల్లాళ్ళు ఉంచుకోండి."

మేం వేళాకోళానికి మొదలుపెట్టింది ఆ ఊళ్ళలో ఆడవాళ్ళ చేతికి వెళ్ళేసరికి ఆచారమైపోయింది. తప్పు వాళ్ళది కాదు. కొత్తకోడలు ఆషాఢంలో అత్త గడప దాటాలి, అంతే వాళ్ళకి తెలిసింది. కానీ అవి ఒకసారి ఆ ఇంట్లో అడుగుపెడితే పురుళ్ళమ్మ మళ్ళీ వదులుతుందా? నెల తిరిగేసరికి తలుపు మూసుకుంటుంది, కిటికీలకి గోనెలు వస్తాయి. మేస్త్రీ రెండోసారి వచ్చి చెప్పడు. నేను కుక్కల చీర కట్టుకోవడం కూడా మర్చిపోయి దొడ్డిగుమ్మం లోంచి పరిగెత్తాను.

పురుళ్ళమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒక్కొక్కదాన్నీ ఒళ్ళోకి తీసుకుని తడుముతోంది. వీపు మీద కొత్త బొచ్చు, పక్కటెముకల మీద కండ. అవి ఆవిడ చేతులు నాకాయి, బుగ్గలు నాకాయి. అరికాల్లో గోళ్ళు దిగిన ఆ చిన్నది ఇప్పుడు నాలుగు కాళ్ళ మీద గెంతుతోంది. దాన్ని పట్టుకుని కాలు పైకెత్తి వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుంది. ఆవిడ చేతులు అక్కడే ఆగిపోయాయి.

"పిల్లా, దీని గోళ్ళు ఎవులు కోసేరు?" అని అడిగింది.

బండి దిగిన ఆవిడ నవ్వింది. "గోళ్ళు కొయ్యడమేటమ్మా? రోజల్లా సేలో పరిగెడతాది. అయ్యే అరిగిపోతాయి."

పురుళ్ళమ్మ ఆ పాదాన్ని బుగ్గకి ఆనించుకుంది. తర్వాత లేచి లోపలికెళ్ళి పాలు కలిపిన అన్నం తెచ్చి అన్నిటికీ పెట్టింది, ఆడవాళ్ళకి బెల్లప్పానకం ఇచ్చింది. అవి తినేశాక, "పుట్టిల్లు సూసేయి కదా. ఇంక ఎల్లిరమ్మను," అంది.

"నెల్లాళ్ళు ఉంచుకోరేటమ్మా?"

"నా ఇంట్లో ఏటుంది ఆటికి, గచ్చు తప్ప? ఎక్కించండి, బేగి ఎక్కించండి." ఒక్కొక్కదాన్నీ తానే ఎత్తి బండి మీద పెట్టింది. పెట్టి నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాగి, వీధి తలుపు మూసి గడియ వేసింది. ఆవిడ వేళ్ళు నా మణికట్టుని నొక్కేస్తున్నాయి.

బండి కదిలిన చప్పుడైంది. అంతలోనే ఏదో ధబ్బున కిందికి దూకింది. ఆ చిన్నదే. తిరిగొచ్చి తలుపు గీకుతోంది. చెక్క మీద మెత్తగా, గుడ్డతో తుడుస్తున్నట్టుంది ఆ చప్పుడు. నా చెయ్యి తనంతట తనే గడియ మీదికి పోయింది. "తియ్యకు," అంది పురుళ్ళమ్మ. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "తీత్తే నాను ఒగ్గలేను. తియ్యకు."

ఎడ్ల మువ్వలు దూరమవుతున్నాయి. గీకడం ఆగింది. తర్వాత కుక్క అరుపు వీధి చివరికి, బండి వైపు, పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. ఆ గొంతుకి అప్పుడూ ఏ లోటూ లేదు.

ఆవిడ తలుపుకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. చేత్తో తలుపు నిమిరింది, బయట గీకిన చోటుని లోపల్నించి వెతుకుతున్నట్టు. సున్నం వేయించినప్పుడు తలుపు జోలికి మేం పోలేదు. వేళ్ళకి గాడులు తగిలాయి. ఒకటి, పక్కన ఇంకొకటి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా. ఆవిడ అన్నిటినీ తడిమింది.

"ఇయన్నీ లోపల్నించి గీకినయే కదే," అంది.

నేను అవునన్నాను. ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను.